అమ్మేసిన క్లబ్బులు, పంచుకోని డబ్బులు

2012 మే 7 రాత్రి ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఊళ్లో, ఈవుడ్ పార్క్ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తుండగా గడ్డి మీదికి ఒక కోడి వచ్చింది. ఒంటికి బ్లాక్‌బర్న్ రోవర్స్ జెండా చుట్టి అభిమానులే దాన్ని లోపలికి వదిలారు. ఆ రాత్రి విగన్ చేతిలో 0-1 తేడాతో ఓడి, రోవర్స్ జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌లోకి జారిపోయింది. కోడినే ఎందుకు వదిలారో తెలుగు పాఠకులకు చప్పున అర్థమవుతుంది. ఆ క్లబ్బు యజమానులు వెంకీస్ వాళ్లు, అంటే తెలుగువాడైన డాక్టర్ బి.వి.రావు 1971లో పెట్టిన వెంకటేశ్వర హేచరీస్ కుటుంబం. పుణె కేంద్రంగా ఎదిగిన ఆ కోళ్ల సంస్థ, 1875లో పుట్టిన ఇంగ్లిష్ క్లబ్బును 2010 నవంబరులో సుమారు 2.3 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది. నెల తిరక్కుండానే మేనేజరు శామ్ అలర్డైస్‌ను ఇంటికి పంపింది. ఏడాదిన్నరలో ప్రీమియర్ లీగ్ స్థానం పోయింది. 2017లో మూడో డివిజన్ దాకా దిగి, మరుసటి ఏడాది మళ్లీ రెండో డివిజన్‌కు ఎక్కింది. యజమానులు డబ్బు పెట్టలేదని ఎవరూ అనలేరు, కోట్ల పౌండ్లు పోశారు. ఇటీవలి ఏళ్లలో ఆ డబ్బు పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి కూడా తీసుకోవాల్సి వచ్చింది. ఒకప్పటి నూలు మిల్లుల ఊరి జట్టు ఖర్చులు ఢిల్లీలో ఒక కోర్టు వాయిదా కోసం ఎదురుచూడటం విడ్డూరమే. అయినా ఆ కొనుగోలులో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ నియమాల ఉల్లంఘన ఏమీ లేదు. క్లబ్బు చేతులు మారేటప్పుడు ఆ ఊరివాళ్లను ఎవరూ అడగలేదు. అడిగి తీరాలన్న నియమం ఇంగ్లండ్‌లో లేనే లేదు.

సముద్రం దాటి జర్మనీ వెళితే ఈ అమ్మకం ఇలా జరిగేది కాదు. యూరప్‌లోని ఈ రెండు పెద్ద లీగ్‌లను పోల్చేటప్పుడు అందరూ మొదట అడిగేది ఏది బలమైనది, ఏది రంజుగా ఉంటుంది అని. జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది: ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో ఎవరైనా ఎవరినైనా ఓడించగలరు, జర్మన్ బుండెస్‌లిగాలో చివరికి బయెర్న్ మ్యూనిక్ గెలుస్తుంది. కారణం కూడా వెంటనే చెప్పేస్తారు. ఇంగ్లండ్ పెట్టుబడికి తలుపులు తెరిచింది కాబట్టి పోటీ పెరిగిందట, జర్మనీ పాత నియమాలు పట్టుకుని వేలాడింది కాబట్టి ఒక్కడి రాజ్యమైందట. వినడానికి బాగానే ఉన్న ఈ వాదన లెక్కల ముందు నిలబడదు. ఇంగ్లిష్ లీగ్ బలానికి పునాది పెట్టుబడిదారుడి సంచి కన్నా ముందు, టీవీ డబ్బును దాదాపు సమానంగా పంచుకోవాలన్న సహకార పద్ధతి. జర్మన్ లీగ్ బలహీనత సభ్యుల యాజమాన్యం నుంచి రాలేదు, డబ్బు పంపకంలో వచ్చింది. ఒకరు క్లబ్బుల్ని అమ్మేసి పైకం పంచుకున్నారు. ఇంకొకరు క్లబ్బుల్ని కాపాడుకున్నారు గాని పైకం పంచుకోవడంలో తడబడ్డారు.

జర్మనీ సంగతి ముందు చూద్దాం. అక్కడ ఫుట్‌బాల్ క్లబ్బు అంటే మొదటి నుంచీ సంఘం. ఊరి వాళ్లు చందా కట్టి సభ్యులవుతారు, ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో చేయెత్తి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. జిమ్నాస్టిక్స్, హ్యాండ్‌బాల్ లాంటి విభాగాల పక్కన ఫుట్‌బాల్ ఒకటి. దేశమంతటికీ ఒకే అగ్రశ్రేణి లీగ్ ఉండాలని 1962 జులైలో డార్ట్‌మండ్‌లో తీర్మానించారు. 1963లో 16 జట్లతో బుండెస్‌లిగా మొదలైంది. ఆ లీగ్‌లో మొట్టమొదటి గోల్‌ను నిమిషం తిరక్కముందే డార్ట్‌మండ్ ఆటగాడు టిమో కొనియెట్స్‌కా కొట్టాడు. కెమెరాలు సర్దుకునేలోపే అయిపోవడంతో దానికి ఫిల్మూ లేదు, ఫొటో కూడా లేదు. తొంభైల చివర్లో డబ్బు అవసరం పెరిగి, ఫుట్‌బాల్ విభాగాన్ని కంపెనీగా మార్చుకోవడానికి 1998లో అనుమతిచ్చారు. దానికి ఒక షరతు పెట్టారు: ఓట్లలో సగం, దానిపైన ఇంకొక్కటి మాతృసంఘం దగ్గరే ఉండాలి. అదే ‘50 ప్లస్ 1’ నియమం. వాటా ఎవరైనా కొనుక్కోవచ్చు, ఆధిపత్యం మాత్రం కొనలేరు. బయెర్న్‌నే చూడండి. అడిడాస్, ఆడి, అలియాంజ్ లాంటి మహా సంస్థలకు తలా 8.33 శాతం, సభ్యుల సంఘానికి మిగతా 75 శాతం.

ఇంగ్లండ్ దారి వేరు. అక్కడ క్లబ్బులు పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే కంపెనీలైపోయాయి. అయినా చాలాకాలం స్థానిక వ్యాపారుల చేతుల్లోనే ఉండేవి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాట 97 మందిని బలి తీసుకుంది. ఆ తర్వాత జస్టిస్ టేలర్ నివేదిక పెద్ద స్టేడియాలన్నిటా అందరికీ సీట్లు ఉండాలంది. స్టేడియాలు బాగు చేయడానికి డబ్బు కావాలి. సరిగ్గా అప్పుడే ఉపగ్రహ టీవీ వచ్చింది. 1992లో 22 క్లబ్బులు పాత ఫుట్‌బాల్ లీగ్ నుంచి విడిపోయి ప్రీమియర్ లీగ్ పెట్టుకున్నాయి. కింది డివిజన్లతో టీవీ డబ్బు పంచుకోవడం ఇష్టం లేకపోవడమే ఆ చీలికకు అసలు కారణం. స్కై, బీబీసీల తొలి ఒప్పందం ఐదేళ్లకు 30.4 కోట్ల పౌండ్లు. 2025లో మొదలైన తాజా ఒప్పందం, ఒక్క బ్రిటన్ ప్రసారాలకే, నాలుగేళ్లకు 670 కోట్ల పౌండ్లు. అంటే ఏడాదికి 167 కోట్ల పౌండ్ల పైమాటే. జర్మనీలో అదే కాలానికి దేశీయ ఒప్పందం ఏడాదికి సుమారు 112 కోట్ల యూరోలు, అదీ రెండు డివిజన్లకు కలిపి.

కింది వాళ్లతో పంచుకోవడం ఇష్టంలేక విడిపోయిన వాళ్లు తమలో తాము మాత్రం చక్కగా పంచుకున్నారు. దేశీయ టీవీ డబ్బులో సగం అందరికీ సమానం, పావు వంతు ఎన్ని మ్యాచ్‌లు టీవీలో చూపించారన్న దాన్నిబట్టి, పావు వంతు పట్టికలో స్థానాన్నిబట్టి. విదేశీ హక్కుల డబ్బు చాలా ఏళ్లు పూర్తిగా సమానంగానే పంచారు. ఫలితం ఎలా ఉందంటే, 2023-24లో విజేత మాంచెస్టర్ సిటీకి లీగ్ నుంచి సుమారు 17.6 కోట్ల పౌండ్లు అందితే, అట్టడుగున నిలిచి కిందికి పోయిన షెఫీల్డ్ యునైటెడ్‌కు 11 కోట్ల దాకా అందాయి. అంటే, ఇరవయ్యో స్థానంలో ఉన్న ఇంగ్లిష్ జట్టుకు వచ్చిన టీవీ సొమ్ము బయెర్న్‌కు జర్మన్ లీగ్ ఇచ్చిన దానికన్నా ఎక్కువ! బ్రైటన్, బ్రెంట్‌ఫర్డ్, బోర్న్‌మత్ లాంటి చిన్న జట్లు యూరప్ అంతా గాలించి మంచి ఆటగాళ్లను తెచ్చుకోగలుగుతున్నాయంటే ఈ పంపకమే కారణం. ఇక్కడొక తమాషా ఉంది. కోళ్ల రైతులు విడివిడిగా బేరమాడితే దళారి చేతిలో చితికిపోతారని, అందరూ కలిసి ధర చెప్పాలని, రోజూ గుడ్డు ధర ప్రకటించే ‘నెక్’ సంస్థను 1982లో నిలబెట్టింది బి.వి.రావే. ఆయన వారసులు కొన్న క్లబ్బు ఆడిన లీగ్ బతికింది కూడా ఆ సూత్రం మీదే. పెట్టుబడి స్వేచ్ఛకు కిరీటం లాంటిదని చెప్పుకునే లీగ్ ఇంజన్ గదిలో ఉన్నది రైతు సంఘం తర్కం.

ఇక్కడ జర్మన్ నియమం మీద ఉన్న పెద్ద అభియోగానికి జవాబు చెప్పాలి. 2013 నుంచి 2023 దాకా బయెర్న్ వరసగా పదకొండు టైటిళ్లు గెలిచింది. పెట్టుబడిని రానివ్వని నియమం వల్ల దానికి ఎదురు నిలిచేవాడు లేకుండా పోయాడన్నది అభియోగం. మరి 1998 నుంచి 2012 దాకా ఏం జరిగింది? 50 ప్లస్ 1 అమల్లోకి వచ్చాక తొలి పద్నాలుగు సీజన్లలో బయెర్న్ ఎనిమిదిసార్లు గెలిచింది, మిగతా ఆరింటిని డార్ట్‌మండ్, బ్రెమెన్, స్టుట్‌గార్ట్, వుల్ఫ్స్‌బర్గ్ పంచుకున్నాయి. మొత్తం ఐదుగురు విజేతలు. అవే పద్నాలుగు సీజన్లలో ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ సరిగ్గా ఎనిమిదిసార్లు గెలిచింది, మిగతావి ఆర్సెనల్, చెల్సీ, మాంచెస్టర్ సిటీలవి. మొత్తం నలుగురే. ఇంకా వెనక్కి జరిగి, ప్రీమియర్ లీగ్ పుట్టిన 1992-93 నుంచి 2024-25 వరకు లెక్కేస్తే రెండు దేశాల్లోనూ విజేతలుగా నిలిచిన క్లబ్బులు ఏడేసి. ‘ఎవరైనా గెలవగల లీగ్’ అన్న పేరు ఎంత లెక్క మీద నిలబడిందో, ఎంత ప్రచారం మీద నిలబడిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. నియమం మారలేదు, ఫలితం మారింది. కాబట్టి కారణం వేరే చోట వెతకాలి.

అది యూరప్ దేశాల అగ్ర క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్ డబ్బులో ఉంది. ఆ పోటీల్లో చివరి దాకా వెళ్లే జట్టుకు ఏటా పెద్ద మొత్తం వస్తుంది. ఆ మొత్తం ఇంట్లో పోటీదారుల నుంచి ఆటగాళ్లను కొనడానికి పనికొస్తుంది. బయెర్న్ 2013లో గోట్సేను, 2014లో లెవాండోవ్‌స్కీని, 2016లో హుమ్మెల్స్‌ను డార్ట్‌మండ్ నుంచే లాక్కుపోయింది. లెవాండోవ్‌స్కీకి ఒక్క యూరో కూడా బదిలీ రుసుం కట్టలేదు, ఒప్పందం ముగిసేదాకా ఆగి తీసుకుపోయింది. పెట్టుబడి వస్తే ఈ రాజ్యం కూలిపోయేదనే వాళ్లు ఫ్రాన్స్‌ను చూడాలి. అక్కడ 50 ప్లస్ 1 లేదు. 2011లో ఖతార్ పెట్టుబడి ప్యారిస్ సెయింట్ జెర్మైన్‌లోకి వచ్చింది. 2013 నుంచి 2025 దాకా పదమూడు టైటిళ్లలో పదకొండు ఆ ఒక్క జట్టే ఎత్తుకుపోయింది. ఇటలీలోనూ ఆ నియమం లేదు, అయినా యువెంటస్ వరసగా తొమ్మిది గెలిచింది. ఇంగ్లండ్‌లో అబుదాబి డబ్బుతో నిండిన మాంచెస్టర్ సిటీ 2018 నుంచి 2024 వరకు ఏడింట ఆరు గెలిచింది. ఆ క్లబ్బు మీద ఆర్థిక నిబంధనల ఉల్లంఘన ఆరోపణలతో లీగ్ 2023లో వందకు పైగా అభియోగాలు మోపింది, క్లబ్బు వాటిని కొట్టిపారేసింది. పెట్టుబడి పాత రాజును దించిన మాట నిజమే. ఆ సింహాసనం మీద కొత్త రాజు కూర్చోవడమూ అంతే నిజం.

జర్మనీలో 2024లో బయెర్న్ గెలుపుల గొలుసు తెంచినది లెవర్‌కుసెన్, అదీ 34 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడకుండా. బేయర్ మందుల కంపెనీ సొత్తైన ఆ క్లబ్బుకు 50 ప్లస్ 1 నుంచి మినహాయింపు ఉంది కదా అని ఎవరైనా గుర్తుచేస్తే, గుర్తుచేయాల్సిందే. 2009 విజేత వుల్ఫ్స్‌బర్గ్ కూడా ఫోక్స్‌వాగన్ కంపెనీ జట్టే. కానీ లెవర్‌కుసెన్ వెనక బేయర్ 1904 నుంచీ ఉంది. ఆ నూట ఇరవై ఏళ్లలో రాని టైటిల్ జాబీ అలోన్సో అనే శిక్షకుడు వచ్చాక వచ్చింది.

సభ్యుల ఓటు వల్ల ఒరిగేదేమిటో ఆ శీతాకాలంలోనే కనిపించింది. 2023 డిసెంబరులో జర్మన్ లీగ్ యాజమాన్యం మీడియా హక్కుల ఆదాయంలో కొంత వాటాను బయటి పెట్టుబడి నిధికి అమ్మాలని నిర్ణయించింది. 36 క్లబ్బుల్లో 24 ఓట్లు కావాలి, సరిగ్గా 24 పడ్డాయి. వద్దని ఓటేయమని హనోవర్ సంఘం తన ప్రతినిధికి ఆదేశం ఇచ్చింది. ఆయన ఎటు వేశారో రహస్య బ్యాలెట్ కాబట్టి తేలలేదు. గొడవ అక్కడ మొదలైంది. మొదట స్టాండ్లలో పన్నెండు నిమిషాల మౌనం పాటించారు. తర్వాత మైదానంలోకి టెన్నిస్ బంతులు, రేకు చుట్టిన చాక్లెట్ నాణేలు కురిశాయి. ఆటగాళ్లు నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడితే, సిబ్బంది పసుపు బంతులు ఏరుకుంటూ తిరిగారు. కొన్నిచోట్ల రిమోట్ బొమ్మకార్లు రంగు పొగ వదులుతూ పచ్చికంతా చక్కర్లు కొట్టాయి. వాటిని పట్టుకోబోయి పరుగెత్తిన వాళ్లను చూసి స్టేడియం పగలబడి నవ్వింది. ఆటలు మధ్యలో చాలాసేపు ఆగిపోయాయి. 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ ప్రతిపాదనను విరమించుకుంది. అంతకుముందు ఇలాంటి నిరసనలతోనే సోమవారం రాత్రి మ్యాచ్‌లు ఎత్తేయించుకున్నారు. పని దినాన అర్ధరాత్రి ఇంటికి చేరాల్సి రావడం వాళ్లకు ససేమిరా నచ్చలేదు. 2021 నవంబరులో బయెర్న్ సర్వసభ్య సమావేశంలో ఖతార్ ఎయిర్‌వేస్ స్పాన్సర్‌షిప్ మీద సభ్యులు వేదిక మీది పెద్దల్ని నిలదీశారు. 2023లో ఆ ఒప్పందం పొడిగింపు లేకుండానే ముగిసింది. డార్ట్‌మండ్ దక్షిణ స్టాండ్‌లో సుమారు పాతిక వేల మంది ఈనాటికీ నిలబడి, ఇంగ్లండ్‌లో ఊహకందని చౌక ధరకు ఆట చూస్తున్నారంటే అదేమీ యాజమాన్యం దయ కాదు. ధర పెంచాలంటే పెంచేవాడు మళ్లీ వాళ్ల ఓటు అడగాలి.

ఇంగ్లిష్ అభిమానులకు మాత్రం గొంతు లేదా అంటారు. ఉంది, గట్టిదే. 2021 ఏప్రిల్‌లో ఆరు ఇంగ్లిష్ క్లబ్బులు, పెద్ద క్లబ్బులు విడిగా పెట్టుకోబోయిన యూరోపియన్ సూపర్ లీగ్‌లో చేరతామని ప్రకటించినప్పుడు చెల్సీ అభిమానులు సొంత జట్టు బస్సుకే అడ్డం పడ్డారు. మాజీ గోల్‌కీపర్ పెట్ర్ చెక్ రోడ్డు మీదికొచ్చి, కాస్త సమయం ఇవ్వండని బతిమాలాడు. రెండు రోజుల్లో ఆరు క్లబ్బులూ వెనక్కి తగ్గాయి. అయితే తేడా గమనించాలి. బయెర్న్, డార్ట్‌మండ్ అసలు ఆ జట్టు కట్టనే లేదు. సర్వసభ్య సమావేశంలో గట్టెక్కని ప్రతిపాదన అని వాళ్లకు ముందే తెలుసు. ఇంగ్లండ్‌లో రోడ్డెక్కితేగాని వినిపించని మాట జర్మనీలో ఓటర్ల జాబితా రూపంలో ముందే గదిలో కూర్చుని ఉంది. పైగా ఇంగ్లిష్ నిరసన గెలిచేది పెద్ద క్లబ్బుల విషయంలో, కెమెరాలన్నీ అటే ఉన్నప్పుడు. 2019 ఆగస్టులో 134 ఏళ్ల బరీ క్లబ్బును డబ్బుల్లేక లీగ్ నుంచి తీసేసినప్పుడు ఆ ఊరి జనం ఏడుపు ఎవరికీ పట్టలేదు. 2005లో గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను కొన్నప్పుడు కొనుగోలుకు చేసిన అప్పును ఆ క్లబ్బు నెత్తినే రుద్దింది. ఆకుపచ్చ, బంగారు రంగు మఫ్లర్లతో అభిమానులు ఏళ్ల తరబడి చేసిన నిరసన ఒక్క వాటానూ కదిలించలేదు. చివరికి బ్రిటిష్ పార్లమెంటే దిగాల్సి వచ్చింది. 2025లో చేసిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టి, యజమానుల అర్హతను పరీక్షించే అధికారం దానికిచ్చింది.

అలాగని జర్మన్ పద్ధతి పాలతో కడిగిందేమీ కాదు. సభ్యుల క్లబ్బూ దివాలా అంచుకు వెళ్లగలదు. స్టాక్ మార్కెట్లోకి వెళ్లి, జీతాల మీద విచ్చలవిడిగా ఖర్చుపెట్టిన డార్ట్‌మండ్ 2005లో స్టేడియం నిధి మదుపరులు రక్షణ ప్రణాళికకు ఒప్పుకోబట్టి బతికి బట్టకట్టింది. షాల్కే క్లబ్బు ఏళ్ల తరబడి రష్యా గ్యాస్ కంపెనీ పేరు ఛాతీ మీద మోసి, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాకే తీసేసింది. ఇక లైప్‌జిగ్ సంగతి మరీ ఘోరం. 2009లో ఒక చిన్న ఊరి క్లబ్బు స్థానాన్ని తీసుకుని రెడ్ బుల్ పెట్టించిన ఆ జట్టులో ఓటు హక్కున్న సభ్యులు పదుల్లోనే ఉంటారు. నియమం అక్షరం నిలిచింది, ప్రాణం పోయింది. ఇవన్నీ ఒప్పుకోవాల్సినవే. కానీ ఈ లోపాల్లో ఏ ఒక్కటీ సభ్యులకు ఓటు ఎక్కువై వచ్చింది కాదు. డార్ట్‌మండ్‌లో అధికారుల్ని అడిగేవాళ్లు లేక, లైప్‌జిగ్‌లో అడగనివ్వక వచ్చాయి. సభ్యుల క్లబ్బు పెద్ద పోటీల్లో గెలవలేదన్న మాటకు జవాబు చెప్పడానికి జర్మనీ దాకా వెళ్లనక్కర్లేదు. 2014 నుంచి 2024 దాకా ఆరుసార్లు ఛాంపియన్స్ లీగ్ గెలిచిన రియల్ మాడ్రిడ్ కూడా సభ్యులదే.

జర్మనీ చేయాల్సింది క్లబ్బుల్ని అమ్మడం కాదని ఇంగ్లండ్ అనుభవమే చెబుతోంది. సమానంగా పంచడం నేర్చుకోవాలి. బుండెస్‌లిగాలో టీవీ డబ్బు పంపకంలో పెద్ద భాగం గత కొన్నేళ్ల స్థానాల మీద ఆధారపడటంతో పైనున్నవాళ్లు పైనే ఉంటారు. దాని మీద యూరప్ సొమ్ము వచ్చి చేరుతుంది. పంపకాన్ని మార్చాలని మధ్యతరగతి క్లబ్బులు ఏళ్లుగా అడుగుతున్నాయి. యూరప్‌లో రియల్ మాడ్రిడ్‌తో, మాంచెస్టర్ సిటీతో పోటీ పడాలంటే ఇప్పుడొచ్చే వాటాయే చాలదని పెద్ద క్లబ్బులు జవాబిస్తాయి. పొరుగింటి పెట్టుబడి వీళ్లింటి సమానత్వాన్ని అలా అడ్డుకుంటోంది.

మరి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో శనివారం రాత్రి టీవీ ముందు కూర్చునేవాళ్లకు ఈ యాజమాన్యాల గొడవ ఎందుకు అనొచ్చు. మనకు కావలసింది మంచి ఆట, అది ఎవరి సొత్తైతేనేం? ఈ ప్రశ్న న్యాయమైనదే, దానిలో ఒక చమత్కారమూ ఉంది. స్టేడియాలకు జనం తగ్గకూడదని ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్‌లను దశాబ్దాలుగా అక్కడి టీవీల్లో ప్రత్యక్షంగా చూపించరు. మాంచెస్టర్‌లో ఇంట్లో కూర్చున్నవాడు చూడలేని ఆటను మన కూకట్‌పల్లిలో కుర్రాడు సోఫాలో పడుకుని చూస్తాడు. అలాంటి కుర్రాళ్లు ప్రపంచమంతా కోట్లలో ఉన్నారు కాబట్టే 2022 నుంచి ప్రీమియర్ లీగ్‌కు విదేశీ హక్కుల ఆదాయం దేశీయ ఆదాయాన్ని దాటేసింది. ఒకప్పుడు ఆ విదేశీ డబ్బు ఇరవై క్లబ్బులకు అణా పైసలతో సహా సమానంగా పోయేది. మమ్మల్ని చూడటానికే కదా ప్రపంచం చందా కడుతోందని పెద్ద క్లబ్బులు పట్టుబట్టాయి. దాంతో 2019-20 నుంచి పెరిగిన విదేశీ సొమ్మును పట్టికలో స్థానాన్నిబట్టి పంచుతున్నారు. విజేత వాటా అట్టడుగు జట్టు వాటాకు 1.8 రెట్లు మించకూడదని హద్దు పెట్టారు గాని, ఆ హద్దును పెట్టిందీ క్లబ్బుల ఓటే, రేపు జరపగలిగేదీ అదే ఓటు. ఇరవైలో పద్నాలుగు చేతులు లేస్తే చాలు.